దొంగతనంల తోడు పోతే కేసు ఎంత దూరం? – ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. మనతో క్రిమినల్ కేసులు చూసే వకీలు సార్ ఉన్నరు. మొదటి కాల్ దేవరకొండ నుంచి. చెప్పండన్నా.

కాలర్: నమస్తే సార్. మా తమ్మునికి ట్రాలీ ఆటో ఉంది. ముగ్గురు రాత్రిపూట కిరాయికి తీస్కపోయిండ్రు. పొలంకాడ ట్రాన్స్‌ఫార్మర్ దించి, నూనె పారబోసి, రాగి తీసి బండ్లేసిండ్రంట. మావోడు హ్యాండిల్ కాడ నుంచి దిగలే. ఒక్క తీగ ముట్టలే. వాడు దొంగెట్లయితడు?

వకీలు: ముట్టిండా లేదా కాదు తమ్మీ, వానికి తెలుసా లేదా, అది చూస్తరు. ఐపీసీ బదులొచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 3(5) ప్రకారం నలుగురు ఒకే ఉద్దేశంతో పోతే నలుగురూ చేసినట్టే. ఒకడు నట్లు విప్పుతడు, ఒకడు రోడ్డు మీద కావలి ఉంటడు, ఒకడు బండి తోల్తడు. బ్రిటిషోల్ల కాలంల మనకు అన్నిటికన్న పై కోర్టు ప్రివీ కౌన్సిల్, 1925ల అది చెప్పింది ఇదే. తెల్వక కిరాయికి పోతే మాత్రం నేరం కాదు.

కాలర్: అదే సార్, దిగలే గదా...

వకీలు: మళ్ల అదే అంటున్నవ్! కిరాయి ఎంతిచ్చిండ్రు?

కాలర్: ఎనిమిది వేలు. మామూలుగ పన్నెండు వందలు సార్.

వకీలు: కోర్టుల మొదలు అడిగేది గదే. అంత ఎందుకిచ్చిండ్రు, లైట్లు ఎవరార్పమన్నరు, ముందురోజు ఎన్ని ఫోన్లు పోయినయ్. తెలుసని రుజువు చేసేది వీటితోనే. ట్రాన్స్‌ఫార్మర్ గాబట్టి విద్యుత్ చట్టం 136 కూడా పడుతది, మూడేండ్ల దాక.

కాలర్: నోటీసొచ్చింది. హైదరాబాద్ల దాసుకున్నడు సార్.

వకీలు: పారిపోవద్దు! అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద పోలీసులు విచారణకు రమ్మనే నోటీసైతే చెప్పిన తారీఖుకు పోవాలె. పోతుంటే అరెస్టు చేయరు, చేస్తే కారణం రాయాలె. పోకపోతే మీరే అరెస్టుకు దారి ఇచ్చినట్టు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యం కాదు. కానీ రాగి ఫలానా బావికాడ ఉందని చెప్పి అక్కడ దొరికితే, ఆ ముక్క మటుకు చెల్లుతది. అరెస్టు చేస్తే ప్రయాణం పోను 24 గంటల్ల మేజిస్ట్రేట్ ముందర పెట్టాలె. పైసలు లేకపోతే 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయ సాయం అడుగుండ్రి. రేపే తోల్కరా తమ్మీ, ఆలస్యం చేయకు.

యాంకర్: కల్వకుర్తి నుంచి.

కాలర్: బిల్లు లేని మోటరు సగం ధరకు కొన్న సార్...

వకీలు: దొంగ సొమ్మని నమ్మే కారణం ఉండి కొంటే న్యాయ సంహిత 317(2), మూడేండ్ల దాక. సగం ధర, బిల్లు లేదు, రాత్రి అమ్మకం, ఇవన్నీ అదే కారణం కింద చూపిస్తరు. వాడకు, అమ్మకు. వకీలును కలిసి అప్పజెప్పు.

యాంకర్: థాంక్యూ. మిర్యాలగూడ.

కాలర్: అయిదుగురు కలిస్తే దోపిడీ కేసేనా సార్?

వకీలు: కాదు, చాలమంది పొరపాటు ఇదే. ఎంతమందైనా, కొట్టకుండ భయపెట్టకుండ తీసుకుంటే దొంగతనమే. కానీ సొమ్ముతో ఉరుకుతూ కావలోన్ని కొడితే కథ మారుతది. అయిదుగురుంటే న్యాయ సంహిత 310, దోపిడీ కేసు, యావజ్జీవం దాక. కట్టె ఎత్తింది ఒక్కడైనా లెక్కల అందరూ వస్తరు. ముఠాగ దొంగతనాలు చేస్తే సెక్షన్ 112 కూడా పెట్టొచ్చు, ఏడాది నుంచి ఏడేండ్లు. అందుకే చెప్తున్న, పారిపోవద్దు...

యాంకర్: సార్, టైమైంది. దేవరకొండ అన్నా, లైన్ల ఉంటే 15100 రాసుకోండి.