రిటర్న్ పక్కన కామా పెట్టే ముందు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు కృతజ్ఞతలు. సమయం తక్కువ, నేరుగా విషయంలోకి వస్తాను.

పైథాన్‌లో ఫంక్షన్ రెండు విలువలు ఇస్తుందంటాం. నిజానికి ఇచ్చేది ఒక్కటే, టపుల్, అంటే విలువల్ని వరుసగా కట్టిన మూట. దాన్ని తయారుచేసేది కామా, బ్రాకెట్లు కావు. భాగహారం చేసే డివ్‌మాడ్ ఫంక్షన్‌కు 17, 5 ఇవ్వండి: భాగఫలం 3, శేషం 2 ఒకే టపుల్‌లో వస్తాయి. సమానం గుర్తుకు ఎడమవైపు రెండు పేర్లు రాస్తే చెరొకటి అందుకుంటాయి.

కామా పొరపాటున పడినా పనిచేస్తుంది, జాగ్రత్త. రిటర్న్ మొత్తం అని రాసి చివర కామా ఉంచేస్తే, సంఖ్యకు బదులు ఒకే విలువున్న టపుల్ వస్తుంది. అక్కడ ఎర్రర్ రాదు. ఇంకెక్కడో దాన్ని కూడబోతే టైప్‌ఎర్రర్ వస్తుంది. మూడు విలువలొస్తే రెండే పేర్లు రాశారా? వాల్యూఎర్రర్. అది మేలు చేసే ఎర్రర్, వెంటనే దొరుకుతుంది.

దొరకనిది వరుస తప్పు. నేను ఇవాళ చెప్పాలని వచ్చింది దీని గురించే. బిల్లు లెక్కకట్టే ఫంక్షన్ ధర, తగ్గింపు, పన్ను ఇస్తోందనుకోండి. పిలిచినవాళ్లు ధర, పన్ను, తగ్గింపు అని అందుకున్నారు. మూడూ సంఖ్యలే, పైథాన్ నోరెత్తదు. మూడూ ఫ్లోట్లని, అంటే దశాంశ సంఖ్యలని టైప్ హింట్ రాసినా, ఆ రకాల్ని సరిచూసే చెకర్ పట్టుకోదు. టెస్ట్‌లోని బిల్లుకు తగ్గింపూ పన్నూ రెండూ సున్నా అయితే టెస్ట్ కూడా పాసైపోతుంది! కస్టమర్‌కు మాత్రం తప్పు బిల్లు వెళ్తుంది. ఐదేసి విలువలు టపుల్‌లో పెట్టి, పిలిచిన చోట పేరు బదులు స్థానం సంఖ్యతో, ఇండెక్స్ 3 అని రాసే కోడ్ చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ 3 ఏమిటో ఆరు నెలల తర్వాత చదివేవాళ్లకు ఎవరు చెప్పాలి?

ల్యాప్‌టాప్ తెరిచి ఉన్నవాళ్లు ఇప్పుడే మీ కోడ్‌లో రిటర్న్ అని వెతకండి. ఒకే రకం విలువలు రెండున్నా వాటికి పేర్లు పెట్టండి. కీ అనే పేరుతో విలువను వెతికే డిక్షనరీ వద్దు. కీలో అక్షరం తప్పితే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు గానీ తెలియదు.

పాత కోడ్‌ను ఒక్కసారిగా మార్చకండి. ముందు టైపింగ్ మాడ్యూల్‌లోని నేమ్‌డ్‌టపుల్‌తో, అంటే ప్రతి విలువకూ పేరుండే టపుల్‌తో, బిల్లు అనే క్లాస్ రాసి, మూడు ఫీల్డులూ పేర్లతోనే నింపి రిటర్న్ చేయండి. అదీ టపులే కాబట్టి పాత పిలుపులు ఆగవు. తర్వాత ఒక్కో పిలుపునూ ఫలితం చుక్క పన్ను పద్ధతికి మార్చుకుంటూ రండి. ఈ మధ్యలో నాలుగో ఫీల్డు మాత్రం చేర్చకండి, ఇంకా మార్చని చోట్ల వాల్యూఎర్రర్ మొదలవుతుంది. అన్నీ మారాక, విలువల్ని పేరున్న ఫీల్డుల్లో దాచే డేటాక్లాస్‌కు వెళ్లండి. పైథాన్ 3.7 నుంచి, అంటే 2018 నుంచి అది భాషతోనే వస్తోంది. దాన్ని టపుల్‌లా విప్పుకోవడం కుదరదు, అందుకే వరుస మీద ఆధారపడే వీలే ఉండదు. ఇక నాలుగో ఫీల్డును చివర చేర్చినా, ఫలితాన్ని పేర్లతో చదివే చోట్ల ఒక్క లైను కూడా మార్చనక్కర్లేదు.