మరుత్తుకు దొరకని ఇంజన్

అందరికీ నమస్కారం.

ఈ హాలుకు రావడానికి మీలో చాలామంది సురంజన్ దాస్ రోడ్డు మీదుగానే వచ్చుంటారు. పాత మద్రాసు రోడ్డుకూ పాత ఎయిర్‌పోర్టు రోడ్డుకూ మధ్య ఉండే ఆ రోడ్డు పేరు ఆటోలో చెప్తాం, పార్శిల్ అడ్రసులో రాస్తాం. ఆ దాస్ ఎవరని మా వీధి పిల్లల్ని అడిగాను. ఒకడు స్వాతంత్ర్య సమరయోధుడన్నాడు, ఒకమ్మాయి బెంగాలీ కవి అంది. ఆయన టెస్ట్ పైలట్. అంతవరకూ ఎవరూ నడపని విమానాన్ని మొదటిసారి గాల్లోకి తీసుకెళ్లి, అది ఎలా ఎగురుతుందో కిందికొచ్చి చెప్పే పని ఆయనది. 1961 జూన్ 17న ఇదే బెంగళూరులో, హెచ్ఏఎల్ విమాన కర్మాగారం రన్‌వే మీదినుంచి, ఆయన అలా లేపిన విమానం పేరు హెచ్ఎఫ్-24 మారుత్. నాకు ఇష్టమైన యుద్ధవిమానం అదే.

పేరు సంగతి ముందు చెప్పేస్తాను. మరుత్తులంటే వేదంలో గాలి దేవతలు. మనం ఆంజనేయుణ్ని మారుతి అనేది కూడా ఆ మాటనుంచే, వాయువు కొడుకు కాబట్టి.

ఇరవయ్యో శతాబ్దం నడిమి కాలపు విమానాలంటే మన కుర్రాళ్లు స్పిట్‌ఫైర్ అంటారు, మస్టాంగ్ అంటారు. రెండూ గొప్పవే, కాదనను. స్పిట్‌ఫైర్ రెక్క చూస్తే ఇప్పటికీ నాకు కళ్లు తిప్పుకోబుద్ధి కాదు. కానీ అవి నేను పుస్తకాల్లో చూసినవి. మారుత్ మాత్రం మా ఇంటి అన్నం. మా నాయన మదనపల్లె దగ్గరి పల్లెనుంచి వచ్చి, హెచ్ఏఎల్‌లో రివిట్లు కొట్టే పనిలో చేరాడు. నేను విమానపురలోనే పెరిగాను.

రివిట్ అంటే రెండు రేకుల్ని కలిపే లోహపు మేకు. దాన్ని కొట్టడం ఒక్కడి పని కాదు, ఇద్దరు కావాలి. బయటివాడి చేతిలో గాలితో నడిచే గన్. లోపలివాడి చేతిలో నున్నటి ఇనపదిమ్మ, దాన్ని డాలీ అంటారు. బయటినుంచి గన్ దెబ్బ పడుతుంటే లోపల డాలీని రివిట్ తోకకు ఆనించి బిగబట్టాలి. అప్పుడు తోక చితికి గుండీలా విచ్చుకుని రెండు రేకుల్నీ పట్టేస్తుంది. డాలీ ఒక్క పిసరు పక్కకు వాలితే తోక వంకరపోతుంది. మధ్యలో రేకు అడ్డం, ఒకరి ముఖం ఒకరికి కనబడదు, ఆ చప్పుడులో మాట వినబడదు. అందుకని నాయన జంటకు ఒక లెక్క ఉండేది: లోపలినుంచి ఒకసారి తడితే ఇంకాస్త కొట్టమని, రెండుసార్లు తడితే చాలని. రివిట్ తల రేకులోకి సమంగా దిగిపోవాలి, ఎక్కడా పైకి లేవకూడదు. ధ్వని వేగానికి దగ్గరగా పోయే విమానానికి ఆ కాస్త ఎత్తు కూడా అడ్డమే. నాయన సాయంత్రం ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటే, ఆయన కుడిచేతి బొటనవేలి గోరు పళ్లెం అంచు మీద తనంతట తనే అటూ ఇటూ పోయేది. గోరు తగలకుండా జారితేనే పని బాగున్నట్టు.

ఈ విమానం గీసిన మనిషి జర్మన్. కుర్ట్ టాంక్. రెండో ప్రపంచయుద్ధంలో ఫోకె-వుల్ఫ్ 190 అనే యుద్ధవిమానం ఆయనదే. 1941లో అది ఇంగ్లీష్ చానెల్ మీద మొదటిసారి కనబడినప్పుడు స్పిట్‌ఫైర్ పైలట్లకు ముచ్చెమటలు పట్టాయి. యుద్ధం ఓడిపోయాక టాంక్ అర్జెంటీనా వెళ్లి పుల్కీ-2 అనే జెట్ చేశారు. అక్కడ ప్రభుత్వం మారింది, పని ఆగింది. 1956లో తన జట్టులో కొందరిని వెంటబెట్టుకుని బెంగళూరు వచ్చారు. అప్పటికి ఇక్కడ మనవాళ్లు చేతులు ముడుచుకుని లేరు. డాక్టర్ ఘాటగే బృందం గీసిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం 1951లోనే ఎగిరింది. కానీ అది ప్రొపెల్లర్ విమానం. ఇప్పుడు మన వాయుసేన అడిగింది ధ్వనికి రెండింతల వేగంతో పోయే జెట్. సైకిల్ నేర్చుకున్న ఇంటికి ఒక్కసారిగా రైలింజన్ ఆర్డరు వచ్చినట్టు.

టాంక్ చేసిన పని చూడండి. ముందు అదే కొలతలతో, అదే ఆకారంతో చెక్కలో ఒక విమానం కట్టించారు. దానికి ఇంజన్ లేదు. 1959లో డకోటా విమానానికి తాడుకట్టి దాన్ని పైకి లాక్కెళ్లి వదిలేవాళ్లు. అక్కడినుంచి టెస్ట్ పైలట్లు దాన్ని గాలి మీదే నడుపుకుంటూ కిందికి దించేవారు. అలా ఎన్నోసార్లు. ఇంజన్ లేని విమానంలో రన్‌వే తప్పితే రెండో అవకాశం ఉండదు, చుట్టుతిరిగి మళ్లీ రావడమనేది లేదు. బెంగళూరు ఆకాశంలో ఒక చెక్క జెట్ చప్పుడు లేకుండా దిగడాన్ని నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో లెక్కలేదు.

ఆకారం గురించి ఒక్కమాట. మారుత్‌ను పైనుంచి చూస్తే ఒళ్లు మధ్యలో సన్నబడి ఉంటుంది, డమరుకం నడుములాగా. అది అందం కోసం కాదు. ధ్వని వేగం దగ్గర గాలి విమానాన్ని మొత్తంగా చూస్తుంది, ఒళ్లు వేరు రెక్క వేరు అనుకోదు. రెక్కలు మొదలైన చోట మొత్తం మందం ఉన్నపళంగా పెరిగితే గాలి అక్కడ ఎదురు తిరుగుతుంది. అందుకని రెక్కలు వచ్చిన చోట ఒంటిని తగ్గించి ఆ లెక్క సరిచేస్తారు. ముక్కులో నాలుగు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు, పొట్టలో బయటికి తెరుచుకునే రాకెట్ల పెట్టె. నేలకు దగ్గరగా అది ఎంత నిలకడగా పోయేదో దాన్ని నడిపిన పైలట్లు ప్రేమగా చెప్పుకునేవారు.

ఇంక అసలు బాధ దగ్గరికి వస్తాను. దీన్ని బ్రిటన్‌లోని బ్రిస్టల్ కంపెనీ చేయబోతున్న ఆర్ఫియస్ 12 అనే ఇంజన్లు రెండు పెట్టేలా గీశారు. రీహీట్ వేస్తే, అంటే వెనక గొట్టంలో మళ్లీ ఇంధనం పోసి మండిస్తే, ఒక్కొక్కటి దాదాపు 3,700 కిలోల తోపు, అంటే ముందుకు నెట్టే బలం, ఇవ్వాలి. బ్రిటన్‌లో దానికి కొనేవాళ్లు లేకపోయారు. అభివృద్ధి ఖర్చు మీరు పెట్టుకుంటే చేస్తామని మనల్ని అడిగారు. మనం పెట్టలేదు. ఆ ఇంజన్ అక్కడితో పోయింది. చివరికి మారుత్‌లో పెట్టింది రీహీట్ లేని ఆర్ఫియస్ 703, ఒక్కోటి 2,200 కిలోలు. రెండూ కలిపినా 4,400. విమానం బరువు మామూలుగానే 9 టన్నుల దగ్గర. ఇదే కుటుంబపు ఇంజన్ ఒక్కటి, మామూలుగా నాలుగు టన్నులు దాటని బుల్లి నాట్ యుద్ధవిమానంలో ఎగిరింది. 1965 పాకిస్తాన్ యుద్ధంలో ఆ నాట్ తెచ్చుకున్న పేరు అందరికీ తెలుసు. దానికి ఒళ్లుకు తగిన ఇంజన్ దొరికింది. మా మారుత్‌కు దొరకలేదు.

దొరకలేదని ఊరుకోలేదు కూడా. సోవియట్ ఇంజన్లు పరిశీలించారు. ఈజిప్టులో ఆస్ట్రియన్ ఇంజనీర్ బ్రాండ్నర్ చేస్తున్న ఈ-300 ఇంజన్ పెట్టి చూద్దామని ఒక మారుత్‌ను అక్కడికి పంపారు, అక్కడ ఎగిరింది కూడా. 1969లో ఈజిప్టు ఆ పనే మానేసింది. ఇక్కడ మన గ్యాస్ టర్బైన్ పరిశోధన సంస్థ ఆర్ఫియస్‌కే రీహీట్ తగిలించింది. 1970 జనవరి 10న ఆ రీహీట్ మారుత్ కూలిపోయింది. నడుపుతున్నది సురంజన్ దాస్. ఆయన అప్పటికి గ్రూప్ కెప్టెన్. మారుత్‌ను మొట్టమొదట గాల్లోకి లేపిన మనిషి.

ఆ రోజు మా నాయన ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చున్నాడు. అమ్మ కాఫీ తెచ్చి పక్కన పెడితే చల్లారిపోయింది. నాకు ఏడేళ్లు. విమానం పడిపోయిందంటే మళ్లీ కట్టొచ్చు కదా నాయనా అన్నాను. ఆయనేం మాట్లాడలేదు.

మారుత్‌ను చాలామంది విఫలమైన విమానం అంటారు. ధ్వనికి రెండింతలు పోవాల్సింది ధ్వని దగ్గరే ఆగిపోయింది, నిజమే. దాన్ని దాచిపెట్టను. కానీ 1971 యుద్ధంలో 10వ, 220వ స్క్వాడ్రన్ల మారుత్‌లు రాజస్థాన్ ఎడారినుంచి ఎగిరి రోజూ దాడులు చేశాయి. కింది కాల్పులకు కొన్ని పోయాయి. ఆకాశంలో శత్రు విమానం చేతిలో ఒక్కటీ పోలేదు. ఒక ఇంజన్‌కు దెబ్బ తగిలినా రెండోదాని మీద వెనక్కి వచ్చినవి ఉన్నాయి. డిసెంబర్ 7న స్క్వాడ్రన్ లీడర్ బక్షీ మారుత్ ఫిరంగులతో పాకిస్తాన్ సేబర్ జెట్‌ను ఒకదాన్ని కూల్చారని మన వాయుసేన లెక్క. మొత్తం 147 కట్టారు. 1990 దాకా పనిచేశాయి. ఒంటిలో లోపం లేదు, దాని గుండెకు డబ్బు పెట్టాల్సిన రోజున పెట్టలేదు. ఈ మాట నేను ఎక్కడైనా నిలబడి అంటాను. మిగతా దేశాలకు చివరిదాకా కష్టంగా నిలిచింది విమానం ఒళ్లు కాదు, ఇంజనే. మనకు ఇప్పటికీ అదే కష్టం. తేజస్ కూడా అమెరికా ఇంజన్ మీదే ఎగురుతోంది.

టాంక్ తర్వాత జర్మనీ వెళ్లిపోయి 1983లో మ్యూనిక్‌లో చనిపోయారు. ఆ ఊరి పక్కనే ఓబర్‌ష్లైస్‌హైమ్‌లో, జర్మన్ మ్యూజియంవాళ్ల విమానశాలలో, ఒక మారుత్ ఉంది. ఇక్కడ కట్టిందే. మా అబ్బాయి ఉద్యోగం మీద అటు వెళ్లినప్పుడు వీడియో కాల్‌లో చూపించాడు. తాడు కట్టి ఉంది, ముట్టుకోనివ్వరు. ఫోన్ దగ్గరికి పెట్టు, రెక్క మొదట్లోకి పెట్టు అని నాయన అరిచాడు. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. రివిట్ వరుస తెరమీదికి రాగానే ఫోన్ గాజు మీద బొటనవేలి గోరు పెట్టి మెల్లగా లాగాడు.

వచ్చే ఆదివారం పది గంటలకు మరతహళ్ళి దారిలో హెచ్ఏఎల్ మ్యూజియం దగ్గర కలుద్దాం. పిల్లల్ని తీసుకురండి. అక్కడి మారుత్‌ను వెనకవైపునుంచి చూడ్డం మొదలుపెడదాం, ఆ రెండు ఇంజన్ గొట్టాల దగ్గరినుంచి.