జాతి కాదు, వివక్షే ముందు పుట్టింది!

మనుషుల్లో జాతులు ముందు పుట్టాయి, వివక్ష ఆ తర్వాత వచ్చింది అనుకుంటున్నారా? మనకు తిరగేసి నేర్పారు. ముందు పుట్టింది వివక్షే. జాతిని అది తర్వాత తయారు చేసుకుంది!

పోయిన వీడియో కింద గొడవ చూశారుగా. "జాతులు వేరు కాబట్టి వేరుగా చూడటం సహజం, సైన్సే చెప్పింది" అని ఒకాయన పెడితే మన తిరుపతి, చిత్తూరు వాళ్ళ లైకులే లైకులు. ఒళ్ళు మండిపోయింది. ఏ సైన్స్ చెప్పిందప్పా?

1662లో అమెరికాలోని ఇంగ్లీషు వాళ్ళ వలస వర్జీనియాలో చట్టం చేశారు: తల్లి బానిసైతే బిడ్డా బానిసే. యజమానికి పుట్టినా సరే, ఆ బిడ్డ ఆస్తి కిందే లెక్క. పొగాకు తోటలకు కూలి అడగని చేతులు కావాలి మరి! పుర్రెలు కొలిచి "వీళ్ళది తక్కువ జాతి" అన్న పండితులు ఊపందుకున్నది 19వ శతాబ్దంలో. ట్రినిడాడ్ చరిత్రకారుడు ఎరిక్ విలియమ్స్ 1944లోనే రాశాడు, జాత్యహంకారం వల్ల బానిసత్వం రాలేదు, బానిసత్వం వల్లే జాత్యహంకారం వచ్చిందని.

మన దగ్గరికి రండి. చిత్తూరు, తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న రోజుల్లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ కాలిపర్స్ (వెడల్పు కొలిచే పటకారు లాంటి పరికరం) పట్టుకుని జనం ముక్కులు కొలిచాడు. యానాదుల్నీ వదల్లేదు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, వందతో హెచ్చించి, ఆ అంకెతో జాతి తేల్చేయడం! ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత కింద అన్నాడు జనాభా లెక్కలు తీయించిన బ్రిటిష్ అధికారి రిజ్లీ దొర.

అవే ముక్కు కొలతల్ని 1948లో అంబేద్కర్ తిప్పికొట్టారు. ఈ అంకెల ప్రకారమే బ్రాహ్మణులూ అంటరానివాళ్ళూ ఒకే జాతి అని చూపించారు. వాళ్ళ వేలితో వాళ్ళ కన్నే పొడిచారు! ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. 1972లో అమెరికా జన్యుశాస్త్రవేత్త లెవాంటిన్ వేసిన లెక్క కూడా అంతే: మనుషుల జన్యు తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉంది.

జాతి లేదు కాబట్టి వివక్షా లేదంటారా? అక్కడే పప్పులో కాలేస్తారు. తిరుపతిలో పెళ్ళి సంబంధాల బయోడేటా తీయండి. గోత్రం, నక్షత్రం, పక్కనే 'రంగు' గడి. చామనఛాయ పిల్లకి తల్లి అందులో "తెలుపు" అని రాసి, స్టూడియోలో ఫోటోని ఇంకాస్త తెల్లగా చేయిస్తుంది. బీటెక్ మార్కులు అడుగున ఎక్కడో. నా లెక్కలో ఆ గడి థర్‌స్టన్ కాలిపరే, కొలిచే చెయ్యి మాత్రం కాబోయే అత్తగారిది.

ఆ గడి కొట్టేసిన మ్యారేజ్ బ్యూరో మన ఊళ్ళో ఒక్కటున్నా కామెంట్‌లో చెప్పండి. వచ్చే వీడియో దాని గుమ్మం ముందు నిలబడి చేస్తా.