ఎండ, వాన, ఘాట్ మంచు: మన దారులకి ఏ హెల్మెట్ తీసుకోవాలి?

[దృశ్యం: తెల్లవారుజాము. విజయనగరం గంటస్తంభం. బ్యాగులు కట్టిన బండి, సీటు మీద హెల్మెట్.]

నమస్తే అండి. సిరిమానోత్సవం అయిపోయింది. ఊళ్లో సందడి తగ్గింది, వానలు మాత్రం ఇంకా తగ్గలేదు. ఇవాళ అరకు బయల్దేరుతున్నాను. ఇప్పుడు చల్లగా, హాయిగా ఉంది. ఎస్. కోట చేరేసరికి ఉక్కపోత మొదలవుతుంది. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కాక అనంతగిరి దగ్గర మంచు పట్టేస్తుంది. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకులో చలి. సాయంత్రానికి వాన పడినా ఆశ్చర్యం లేదు. ఇదంతా ఒక్క రోజులోనే, ఒక్క హెల్మెట్‌తోనే.

అందుకే లాంగ్ రైడ్‌కి హెల్మెట్ కొంటున్నానని ఎవరైనా చెబితే నేను ముందు రంగు, బ్రాండు అడగను. "ఘాట్‌లో వాన పడుతుంటే, మంచు కమ్మితే, దాంట్లోంచి నీకు రోడ్డు కనిపిస్తుందా?" అని అడుగుతాను. ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు.

[దృశ్యం: అనంతగిరి ఘాట్ మలుపు. మంచులో ఎదురుగా వచ్చే బస్సు లైట్లు.]

కొన్నేళ్ల క్రితం ఇదే నెలలో, ఇదే రోడ్డు మీద అరకు నుంచి దిగుతున్నాను. తల మీద హాఫ్ ఫేస్ హెల్మెట్. ముందు భాగంలో గడ్డం దగ్గర ఏమీ ఉండదు, పైనుంచి ఒక వైజర్, అంటే కళ్ల ముందుండే ప్లాస్టిక్ అద్దం, దిగుతుంది. గాలికొండ దాటాక సన్నగా వాన, దాంతోపాటు మంచు. వైజర్ లోపలంతా ఆవిరి పట్టేసింది. ఎత్తితే చినుకులు ముఖానికి సూదుల్లా గుచ్చుకుంటున్నాయి, కళ్లు తెరవలేకపోతున్నాను. దించితే ఏమీ కనిపించడం లేదు. ఎత్తుతూ, దించుతూ ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా బస్సు. హారన్ వినిపించాకే చూశాను. ఎలా పక్కకి తీశానో నాకే తెలీదు. అక్కడి నుంచి బండి నెట్టుకుంటూనే ఒక టీ బడ్డీ దగ్గరికి వెళ్లాను. ఆ పెద్దాయన నా చేతులు వణకడం చూసి, "ఓ పావుగంట కూసో బాబూ, మంచు తేరుకుంటాది" అన్నాడు. పావుగంట కాదు, గంట కూర్చున్నాను.

ఆ రోజు నేను స్పీడులో లేను. రోడ్డు కూడా బాగానే ఉంది. నా హెల్మెట్ ఆ వాతావరణానికి పనికొచ్చేది కాదు, అంతే.

[దృశ్యం: టేబుల్ మీద వరసగా ఐదు రకాల హెల్మెట్లు.]

సరే, ఒక్కొక్కటీ చూద్దాం. తలపై భాగం మాత్రమే కప్పే ఈ చిప్పలాంటి దాన్ని ముందే పక్కన పెట్టేస్తున్నాను. కూరగాయల మార్కెట్‌కి వెళ్లడానికి కూడా ఇది వద్దు.

తర్వాత ఇది, హాఫ్ ఫేస్ లేదా ఓపెన్ ఫేస్. మన దగ్గర ఎక్కువమంది పెట్టుకునేది ఇదే, ఎందుకో నాకు తెలుసు. శ్రీకాకుళంలో మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగితే ముఖానికి కాస్త గాలి తగలాలని ఎవరికైనా ఉంటుంది. ఊళ్లో తిరగడానికి వాడతామంటే వాళ్లతో వాదించను. టూరింగ్‌కి మాత్రం వద్దంటాను. పడినప్పుడు గడ్డం, దవడ నేలకి తగలడం మామూలే, దీంట్లో అక్కడ అడ్డంగా ఏమీ లేదు. వానలో మెడ మీదుగా నీళ్లు లోపలికి వస్తాయి. సాయంత్రం పూట పంటపొలాల పక్క రోడ్ల మీద పురుగులు వైజర్ కింద నుంచి దూరతాయి.

ఇది అడ్వెంచర్ రకం. పైన టోపీ అంచులా పొడుచుకొచ్చింది చూశారా, దీన్ని పీక్ అంటారు. ఎండ నేరుగా కళ్లలో పడకుండా ఆపుతుంది, ఎగిరే మట్టిని కొంత అడ్డుకుంటుంది. సాలూరు దాటి కొండల్లో మట్టి రోడ్లు పట్టేవాళ్లకి బాగుంటుంది. హైవే మీద స్పీడు పెరిగితే మాత్రం ఆ పీక్‌ని గాలి పట్టుకుని తలని వెనక్కి లాగుతుంది. లారీని దాటేటప్పుడు పక్క నుంచి వచ్చే గాలి తోపుకి మెడ ఒక్కసారి తిరిగినట్టవుతుంది. గంటసేపు అలా పోతే మెడ పట్టేస్తుంది. మీ ప్రయాణంలో ఎక్కువ భాగం హైవే అయితే పీక్ ఊడదీసుకునే వీలున్నది చూసుకోండి.

మిగిలినవి రెండు. ఫుల్ ఫేస్, ఫ్లిప్-అప్. అసలు ఆలోచించాల్సింది ఈ రెండింటి మధ్యే.

[దృశ్యం: ఫ్లిప్-అప్ హెల్మెట్ గడ్డం భాగం పైకి లేస్తుంది. దగ్గరగా లాక్.]

ఫ్లిప్-అప్‌ని మాడ్యులర్ అని కూడా అంటారు. బటన్ నొక్కితే గడ్డం భాగం మొత్తం పైకి లేస్తుంది. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి ఇది పెద్ద సుఖం. టీ తాగడానికి, దారి అడగడానికి, పెట్రోల్ బంకులో మాట్లాడటానికి హెల్మెట్ తీయక్కర్లేదు. వాన పడుతుండగా చెట్టు కింద ఆగి హెల్మెట్ తీస్తే తల తడుస్తుంది, ఆ తడి తలతోనే మళ్లీ పెట్టుకోవాలి. ఫ్లిప్-అప్‌తో ఆ బాధ లేదు.

దీనికి లోటు కూడా ఉంది. కీలు, లాకు ఉంటాయి కాబట్టి అదే స్థాయి ఫుల్ ఫేస్ కంటే సాధారణంగా బరువెక్కువ. ముక్కలు కలిసే చోట గాలి హోరు కాస్త ఎక్కువ, నాసిరకం దాంట్లో ఆ సందులోంచే వాన నీళ్లు కారతాయి. కొనేటప్పుడు మూసి చూడండి. రెండు పక్కలా ఒకేసారి గట్టిగా "టక్" మనాలి. ఒక పక్క ముందు, ఇంకో పక్క తర్వాత పడితే దాన్ని వదిలేయండి. లాక్ లోహంతో చేసిందైతే మంచిది.

ఇంకొక విషయం చాలామందికి తెలీదు. గడ్డం భాగం పైకెత్తి బండి నడపొచ్చా? యూరప్ ప్రమాణమైన ఈసీఈ ముద్ర ఉన్న ఫ్లిప్-అప్‌ల స్ట్రాప్ మీద ఒక చిన్న గుడ్డ లేబుల్ కుట్టి ఉంటుంది. దాని మీద పీ, జే అక్షరాలు రెండూ ఉంటే మూసినా, తెరిచినా రెండు రకాలుగానూ పరీక్షలో నెగ్గిందని అర్థం. పీ ఒక్కటే ఉంటే మూసి నడపడానికే. అలాంటి లేబుల్ లేకపోతే ఎత్తి నడపకండి. రెండూ ఉన్నా కూడా పైకెత్తినప్పుడు అది హాఫ్ ఫేసే, గడ్డానికి అడ్డు ఉండదు.

మరి ఫుల్ ఫేస్? ఒకటే డొల్ల, ఊడే ముక్కలు లేవు. అదే ధరలో వానకి, గాలి హోరుకి ఇదే ఎక్కువ ఆగుతుంది. ఉక్కపోత సంగతి అడుగుతారు. గడ్డం దగ్గరి వెంట్ (గాలి కోసం పెట్టిన రంధ్రం) నుంచి వచ్చే గాలి వైజర్ మీదుగా పైకి పోతుంది, నడినెత్తి వెంట్‌లోంచి దూరిన గాలి వెనక నుంచి బయటికి పోతుంది. బండి కదులుతుంటే ఇదంతా పనిచేస్తుంది. ట్రాఫిక్‌లో ఆగితే పనిచేయదు, ఆ పది నిమిషాలు ఓర్చుకోవాల్సిందే. వడగాలి రోజుల్లో వైజర్ ఎత్తితే చల్లగా ఉంటుందనుకుంటాం, కానీ ఒంటి వేడి కంటే వేడిగా ఉన్న గాలి ముఖాన్ని ఎండగడుతుంది. మూసి, లోపల తడిపిన కాటన్ బలక్లావా, అంటే తల, ముఖం, మెడ కప్పే గుడ్డ తొడుగు, వేసుకుంటే నయం.

నా ఎంపిక ఫుల్ ఫేస్. మా అన్నయ్యకి కళ్లజోడు ఉంది, ఆయనకి ఫ్లిప్-అప్ కొనిపించాను. ఇద్దరం ఎవరిది వాళ్లు మార్చుకోం.

[దృశ్యం: వంటగది బల్ల. పొగలు కక్కే టీ గ్లాసు. చేతిలో రెండు వైజర్లు.]

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఏ రకం కొన్నా వాతావరణంతో పోరాడేది వైజరే. ఈ టీ గ్లాసు ఆవిరి మన ఊపిరి అనుకోండి. మామూలు వైజర్‌ని పైన పెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు... చూడండి, తెల్లగా అయిపోయింది. వెచ్చని తేమ చల్లని ప్లాస్టిక్‌ని తాకగానే సన్నటి నీటి బొట్లుగా మారింది. ఘాట్‌లో జరిగేది ఇదే. బయట చలి, లోపల మన ఊపిరి. మలుపుల్లో నెమ్మదిగా పోతాం కాబట్టి దాన్ని తోసేయడానికి వెంట్లలోంచి గాలి కూడా సరిగ్గా రాదు.

ఇప్పుడు రెండోది. దీని లోపలి పక్క ఇంకో పల్చటి షీట్ ఉంది. చుట్టూ సన్నటి సిలికాన్ అంచు, రెండు పక్కలా రెండు పిన్నులు పట్టుకుని ఉంటాయి. పిన్‌లాక్ అనేది కంపెనీ పేరు, మనవాళ్లు ఈ రకం షీట్లన్నింటినీ ఆ పేరుతోనే పిలుస్తారు. వైజర్‌కీ షీట్‌కీ మధ్య గాలి బంధించి ఉండటంతో బయటి చలి లోపలికి అంత తొందరగా రాదు. షీట్ కూడా కొంత తేమని పీల్చుకుంటుంది. ఆవిరి మీద పెట్టాను. ఐదు, ఆరు, ఏడు... అవతల ఉన్న నా చెయ్యి ఇంకా కనిపిస్తోంది కదా.

కొనేటప్పుడు వైజర్ లోపల ఆ రెండు పిన్నులు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే తర్వాత ఆ వైజర్‌కి పిన్‌లాక్ పెట్టుకోవడం కుదరదు. షీట్‌ని పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. తడిపిన మెత్తటి గుడ్డ చాలు. కళ్లజోడు వాళ్లకి ఒక మాట: ఇది వైజర్‌ని కాపాడుతుంది, మీ అద్దాలని కాదు. ముక్కు దగ్గర ఊపిరిని కిందికి మళ్లించే రబ్బరు ముక్క ఉన్న హెల్మెట్ అయితే కొంత నయం.

మంచు బయట కూడా పడుతుంది. దానికి ఎడమ చేతి బొటనవేలితో తుడవడమే దారి, కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కాబట్టి. కొన్ని గ్లవుజులకి ఆ వేలి మీద రబ్బరు పట్టీ ఉంటుంది. హైవే మీద వానైతే తలని కొంచెం పక్కకి తిప్పండి, గాలే చినుకుల్ని తోసేస్తుంది.

[దృశ్యం: 16వ నంబరు జాతీయ రహదారి, సాయంత్రం. ఎదురుగా దిగుతున్న సూర్యుడు.]

ఇక ఎండ. శ్రీకాకుళం నుంచి టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం వెళ్లే హైవే ఈశాన్యంగా సాగుతుంది. పొద్దున్నే బయల్దేరితే ఎండ ముఖం మీదికే. సాయంత్రం తిరిగొస్తుంటే అప్పుడూ ముఖం మీదికే. ఈ దారిలో తిరిగేవాళ్లకి లోపల దించుకునే నల్ల సన్ వైజర్ చాలా పనికొస్తుంది. చీకటి పడగానే వేలితో పైకి నెట్టేయొచ్చు. మొత్తం నల్లగా ఉండే వైజర్ ఒక్కటే పెట్టుకుని వెళ్తే, పలాసలో జీడిపప్పు కొని, మందసలో కోవా తిని బయల్దేరేసరికి చీకటి పడిపోతుంది, ఆ తర్వాత గుడ్డిగా నడపాలి. గీతలు పడిన వైజర్ కూడా రాత్రి అంతే ప్రమాదం. ఎదురు లారీ లైటు ఒక్కో గీత మీదా పడి, చీలి, కళ్లలో కొడుతుంది. గీతలు కనిపిస్తే వైజర్ మార్చేయండి, హెల్మెట్ మార్చక్కర్లేదు.

[దృశ్యం: హెల్మెట్ షాపు. తమ్ముడు ఒకటి పెట్టుకుని తల ఊపుతున్నాడు.]

మా తమ్ముడికి నిన్న కొన్నాం. వాడు పెట్టుకుని, "సుఖంగా ఉందన్నయ్యా, గాలి ఆడుతోంది" అన్నాడు. సుఖంగా ఉందంటేనే నాకు అనుమానం. స్ట్రాప్ పెట్టించి, వెనక అంచు పట్టుకుని పైకి లాగాను. ముందుకి జారి దాదాపు ఊడొచ్చింది. "చూశావురా? పడితే ఇది నీకంటే ముందు ఎగిరిపోతుంది" అన్నాను. టేపుతో కనుబొమ్మలకి కాస్త పైనుంచి తల చుట్టూ కొలిస్తే 57 సెంటీమీటర్లు. వాడు పెట్టుకున్నది రెండు సైజులు పెద్దది.

కొత్త హెల్మెట్ బుగ్గల్ని నొక్కాలి, ముఖం బూరెలా కనిపించాలి. మెత్త కొన్నాళ్లకి అణుగుతుంది. పావుగంట పెట్టుకుని షాపులోనే తిరగండి. తీశాక నుదుటి మీద ఒకే చోట ఎర్రటి గీత పడి నొప్పి పుడితే సైజు కాదు, ఆకారమే మీ తలకి సరిపడలేదు, వేరే మోడల్ చూడండి. షాపులో పావుగంట ఓర్చుకోగల నొప్పి అరకు చేరేసరికి తలపోటు అవుతుంది.

ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. 2021 జూన్ 1 నుంచి బీఐఎస్ (ఐఎస్ఐ ముద్ర ఇచ్చే సంస్థ) సర్టిఫికెట్ లేని టూవీలర్ హెల్మెట్ అమ్మకూడదు. ముద్ర పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అనే లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరికి లైసెన్స్ ఇచ్చారో చూపిస్తుంది. రోడ్డు పక్కన కుప్పపోసి అమ్మే వాటి మీద ముద్ర నకిలీది కావొచ్చు, నంబరు వెతికితే తేలిపోతుంది. వెనక కూర్చునేవాళ్లకి కూడా ఇలాంటిదే కొనండి. భార్యకో, పిల్లాడికో పాత చిప్ప ఇచ్చి మనం ఫుల్ ఫేస్ పెట్టుకోవడం నాకు చూడటానికే కష్టంగా ఉంటుంది.

[దృశ్యం: అరకు, రాత్రి. లాడ్జి గది. తడిసిన హెల్మెట్, పాత పేపర్లు.]

అనుకున్నట్టే వాన పడింది. లోపలి మెత్తలు తడిసిపోయాయి. ఊడొచ్చేవి కాబట్టి తీసి ఫ్యాన్ కింద ఆరేశాను. డొల్లలో పాత పేపర్లు ఉండలు చేసి కూరుతున్నాను, రాత్రికి తేమ పీల్చుకుంటాయి. హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి, లోపల దెబ్బని ఆపేది థర్మాకోల్ లాంటి పదార్థమే, వేడికి పాడవుతుంది. అదే కారణంతో ఎండలో కాలిన పెట్రోల్ ట్యాంకు మీద కూడా పెట్టొద్దు. ఇంకోటి, తలకి కొబ్బరినూనె రాసుకునేవాళ్లు లోపల పల్చటి కాటన్ గుడ్డ వేసుకోండి, లేకపోతే మెత్తలు నెల తిరక్కుండానే వాసనొస్తాయి.

పిన్‌లాక్ షీట్‌ని మాత్రం తీయలేదు. తెల్లారితే ఘాట్ దిగాలి. కిటికీ అవతల ఇప్పుడే మంచు పట్టడం మొదలైంది, చూపిస్తాను రండి.

[దృశ్యం: కిటికీలోంచి మంచులో వీధిలైటు. హెల్మెట్ వైజర్ లోంచి అదే దృశ్యం, స్పష్టంగా.]