కాగితం ఆయన చెవిదాకా

శ్రోతలకు నమస్కారం.

కడపలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో నా మిత్రుడు జూనియర్ అసిస్టెంటు. పుట్టుకతోనే చూపు లేదు. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చోగానే ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు. కుడి చెవి వచ్చేపోయేవారికి. తెర మీద ఉన్నదాన్ని కంప్యూటర్ చదువుతుంటే వింటూ, వింటూనే జవాబు టైపు చేస్తారు. ఒకసారి ఆ ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టారు. ఆ వేగానికి నాకు ఒక్క మాట అందలేదు. ఆయనకు ప్రతి మాటా అందుతుంది.

అలా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పేరు ఎన్‌వీడీఏ. 2006లో మైకేల్ కరన్ అనే చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మొదలుపెట్టాడు. ఉచితం. తెలుగు కూడా చదువుతుంది.

ఒకరోజు పై కార్యాలయం నుంచి అర్జెంటు సర్క్యులర్ వచ్చింది. సంతకం పెట్టి, సీలు వేసి, స్కాన్ చేసి పంపినది. మన కంటికి అవి అక్షరాలు. కంప్యూటర్‌కు అదొక ఫోటో. ఇయర్‌ఫోన్‌లో ఏమీ రాలేదు. పక్క సీటావిడ తన పని ఆపి చదివి వినిపించారు. మర్నాడు ఇంకొకటి. మళ్లీ ఆవిడే. నా మిత్రుడు మొహమాటం చంపుకుని, టైపు చేసిన ఫైలే పంపమని పై కార్యాలయాన్ని అడిగారు. పంపారు కూడా. అది 'అను' అనే పాత తరహా ఫాంటులో ఉంది. లోపల ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి, పైకి తెలుగులా కనిపిస్తాయి. తెర మీద ముత్యాల్లాంటి తెలుగు, ఆయన చెవిలో మాత్రం పొంతనలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు.

"నాకు పని రాదనుకుంటారేమోనని భయంగా ఉంది" అన్నారు ఆ సాయంత్రం. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పోటీ పరీక్ష రాసి వచ్చిన మనిషి ఆయన.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అంతకుముందు 3 శాతమే. ఈ సంగతి చాలామందికి తెలుసు. అదే చట్టంలో 20వ సెక్షన్ ఉంది. ఉద్యోగంలో చేరిన దివ్యాంగులకు పని చేసుకునేందుకు తగిన వెసులుబాటు ప్రతి ప్రభుత్వ సంస్థా కల్పించి తీరాలంటుంది. వెసులుబాటు అనగానే ర్యాంపు గుర్తొస్తుంది. ర్యాంపు కావాలి, తప్పకుండా కావాలి. చూపులేని ఉద్యోగికి మాత్రం చదవగలిగే ఫైలే ర్యాంపు. దానికి సిమెంటు అక్కర్లేదు, బడ్జెట్టు అక్కర్లేదు.

కర్నూలులోనో, అనంతపురంలోనో, కడపలోనో ఏదో ఒక సెక్షన్‌లో కూర్చుని ఈ ప్రసంగం వింటున్న ఉద్యోగులకు నాదొక మనవి. సర్క్యులర్ పంపేముందు ఆ ఫైల్లోంచి నాలుగు మాటలు కాపీ చేసి, మీ ఫోనులో ఒక మెసేజ్‌గా పెట్టి చూడండి. అసలు కాపీ కాకపోతే అది ఫోటో. ఇంగ్లీషు అక్షరాలు చిందరవందరగా పడితే, ఆయన చెవిలోనూ అవే మోగుతాయి. తెలుగు తెలుగులాగే కనిపిస్తే అది యూనికోడ్, అంటే కంప్యూటర్ తెలుగును తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి. దాన్ని ఆయన హాయిగా వినగలరు. సంతకం ఉన్న స్కాను కాపీ పంపండి, కాదనను. దానితోపాటు ఈ యూనికోడ్ ఫైలు కూడా జత చేయండి.