గంజి, కుంకుడు, చౌడు: రాతిలో ఇరుక్కున్న చమురు కథ

అందరికీ నమస్కారం. చమురు బావి అనగానే భూమి కింద నల్లటి చెరువు ఉన్నట్టు ఊహించుకుంటాం. చెరువేమీ లేదండి. ఉన్నది రాయి. కంటికి ఆనని దాని రంధ్రాల్లో చమురు ఇంకి ఉంటుంది. మొదట్లో భూగర్భంలోని ఒత్తిడికి అదే పైకొస్తుంది. ఆ ఒత్తిడి తగ్గాక పక్క బావుల్లోంచి నీళ్లు పంపి తోస్తారు. ఇంత చేసినా ప్రపంచం మొత్తమ్మీద సగటున మూడో వంతుకు కాస్త అటూఇటూగానే బయటికొస్తోంది.

కారణం చిన్నదే. నీళ్లు పల్చన, చమురు చిక్కన. తోయమని పంపిన నీళ్లు సందు చూసుకుని ముందే జారుకుంటాయి. కొన్నాళ్లకు బావి చమురు తగ్గించి నీళ్లు కక్కుతుంది.

అందుకని నీళ్లకే గంజి పెడతారు. ఇక్కడ గంజి అంటే పాలీఅక్రిలమైడ్ జాతి పాలిమర్ పొడి. లీటరుకి ఒకటి రెండు గ్రాములు వేస్తే చాలు, నీళ్లు చిక్కబడి చమురుని వరసగా నెట్టుకొస్తాయి. చైనాలోని డాచింగ్‌లో 1996 నుంచి ఈ పని భారీ ఎత్తున సాగుతోంది. మన దేశంలో చూడాలంటే రాజస్థాన్‌లోని బాడ్మేర్ వెళ్లాలి. అక్కడి మంగళ చమురు క్షేత్రాన్ని 2004లో కనుక్కున్నారు, 2009లో ఉత్పత్తి మొదలైంది. మైనం ఎక్కువున్న చమురు కావడంతో చల్లారితే పేరుకుపోతుంది. గుజరాత్ దాకా పైపుని వేడిగా ఉంచాల్సిందే. మంగళని నడిపే కెయిర్న్ సంస్థే మన కోనసీమ తీరంలోని రవ్వ క్షేత్రాన్నీ నడుపుతోంది.

గంజితో కదలని చమురు కూడా ఉంటుంది. రాతి రంధ్రాల్లో బొట్లు బొట్లుగా ఇరుక్కున్నది. జిడ్డు తలకి ఒట్టి నీళ్లు పోస్తే ఏం లాభం? కుంకుడు రసం కావాలి. ఆ పని చేసేది సర్ఫక్టెంట్. నీటికీ చమురుకీ మధ్యనున్న తలతన్యతను వేల రెట్లు తగ్గిస్తుంది. బొట్టు సాగి, సన్నటి సందులోంచి జారుతుంది. కాకపోతే ఖరీదెక్కువ, పైగా సగం దారిలోనే రాతికి అంటుకుపోతుంది. అందుకే చౌకైన క్షారాన్ని తోడిస్తారు. చాకిరేవులో చౌడు మట్టి చేసిన పనే అది: చమురులోని ఆమ్లాలతో కలిసి భూమి లోపలే సబ్బు తయారుచేస్తుంది.

చెప్పుకోవడానికి ఇది బాగుంటుంది. నన్నడిగితే అసలు తలనొప్పి పైన, యంత్రాల దగ్గరుంది. పాలిమర్ అణువు పొడవాటి దారం లాంటిది. పంపులో, వాల్వులో గట్టిగా నలిగితే తెగిపోతుంది, అంతటితో గంజి మళ్లీ నీళ్లే. డాచింగ్‌లో ఘాటైన క్షారం వాడితే పంపుల్లో గార కట్టింది. ఇక పైకొచ్చిన చమురు, నీళ్లు, సబ్బు కలిసి మజ్జిగలా చిలికినట్టయితే వాటిని విడదీయడానికి మళ్లీ ఇంకో మందు!

ఇక ఈ గంజికి ఉప్పు తగిలితే ఏమవుతుందో మాత్రం నోటితో చెప్పను. ఆ బల్ల మీద రెండు గ్లాసులున్నాయి. రెంటిలోనూ అదే పాలిమర్ పొడి, అదే కొలత. ఒకటి మంచినీళ్లు, ఒకటి ఉప్పునీళ్లు. వెళ్లేటప్పుడు చెంచాతో తిప్పి చూడండి, ఏది ఏదో మీ చేతికే తెలుస్తుంది.