చెరువు గట్టు మీది బోర్డుకి రాండమ్ నంబర్ ఎవరిస్తారు?

(భీమవరంలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక పెట్టిన సెషన్ కాబట్టి ముందే చెప్పేస్తున్నా, స్లైడ్లు తక్కువ, లెక్క ఒకే ఒక్కటి.

మీలో చాలామందికి రొయ్యల చెరువులు ఉండే ఉంటాయి. డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే ఫోన్‌కి మెసేజ్ కొట్టే పెట్టె, ఏరేటర్ ఆగితే అరిచే పెట్టె గట్ల మీద చూసే ఉంటారు. ఫైనలియర్ ప్రాజెక్టని మీరే ఒకటి తయారుచేసి ఉండొచ్చు కూడా. లోపల రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్ బోర్డు, దాని మీద లినక్స్. ఆ పెట్టెకి మొదటిసారి కరెంటు ఇచ్చాక తొలి కొన్ని సెకన్లలో ఏం జరుగుతుందన్నదే ఇవాళ్టి విషయం.

ఆ కాసేపట్లోనే అది తన ఎస్‌ఎస్‌హెచ్ కీ, అంటే దూరం నుంచి భద్రంగా లాగిన్ అవడానికి వాడే రహస్య తాళం, తయారుచేసుకుంటుంది. దానికి ఎవరూ ఊహించలేని సంఖ్య కావాలి. ప్రోగ్రామ్‌కి చెప్పింది చేయడమే తెలుసు, ఊహకందనిది సొంతంగా పుట్టించలేదు. అందుకే 1994లో థియోడర్ త్సో లినక్స్‌కి రాండమ్ డ్రైవర్ రాసినప్పుడు బయటి అలికిడిని నమ్ముకున్నాడు. కీబోర్డు మీద వేలు ఎప్పుడు పడింది, మౌస్ ఎప్పుడు కదిలింది, డిస్క్ ఎప్పుడు బదులిచ్చింది, ఈ సమయాల్లోని చిన్న తేడాలన్నీ ఒక పూల్‌లో పోగేశాడు. గట్టు మీది పెట్టెకి కీబోర్డు లేదు, మౌస్ లేదు, తిరిగే డిస్క్ లేదు. పాత రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో బ్యాటరీ గడియారం కూడా ఉండదు. పైగా పెట్టెలన్నీ ఒకే ఎస్‌డీ కార్డు ఇమేజ్ నుంచి కాపీ కొట్టినవి. అన్నీ ఒకే స్థితిలో నిద్ర లేస్తాయి.

లేస్తే ఏమవుతుంది? 2012లో క్రిప్టోగ్రఫీ పరిశోధకురాలు నాడియా హెనింగర్, ఆమె సహచరులు ఇంటర్నెట్ మొత్తం గాలించారు. నెట్‌లో మాటల్ని రహస్యంగా ఉంచే టీఎల్‌ఎస్ పద్ధతి వాడే యంత్రాల్లో 0.5 శాతం వాటి రహస్య కీలు బయటికి లాగేశారు. ఎక్కువగా రౌటర్లు, ఫైర్‌వాల్ పెట్టెలు. ఎలా లాగారో చూడండి, బోర్డు మీద 77, 91 అని రాస్తున్నాను. ఒక్కోటి రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆర్‌ఎస్‌ఏ అనే తాళం పద్ధతిలో ఈ సంఖ్యలు వందల అంకెలుంటాయి, ఒకదాన్ని విడిగా తీసుకుని కారణాంకాలు కనుక్కోవడం అయ్యే పని కాదు. కానీ రెండింటికీ కలిపి గ.సా.భా కడితే 7 వస్తుంది. భాగిస్తే 11, 13 మిగులుతాయి. రెండు తాళాలూ ఊడిపోయాయి! సంఖ్య ఎంత పెద్దదైనా గ.సా.భా కట్టడం కంప్యూటర్‌కి చిటికెలో పని. రెండు రౌటర్లు బూట్ అవుతూనే ఒకే 7ని ఎంచుకున్నాయి, అదీ కొంప ముంచింది.

చిప్‌లో మాత్రం ఊహకందనిది ఒకటుంది, వేడి. 0 ఇస్తే 1, 1 ఇస్తే 0 తిప్పి ఇచ్చే ఇన్వర్టర్ గేట్లను బేసి సంఖ్యలో వరసగా కలిపి చివరిదాన్ని మొదటిదానికి తగిలిస్తే, 0 అనాలో 1 అనాలో తేలక ఆ వలయం ఊగుతూనే ఉంటుంది. ఎలక్ట్రాన్ల వేడి అలజడి వల్ల ఆ ఊగే వేగం రవ్వంత అటూ ఇటూ అవుతుంది. వేరే గడియారంతో మధ్యమధ్యలో తొంగిచూస్తే బిట్లు దొరుకుతాయి. రాస్ప్‌బెర్రీ పై బోర్డులోని బ్రాడ్‌కామ్ చిప్‌లో హార్డ్‌వేర్ రాండమ్ జనరేటర్ ఉంది. ఇంటెల్ అయితే 2012లో ఐవీ బ్రిడ్జ్‌తో రాండమ్ సంఖ్య అడగడానికి ఆర్‌డీర్యాండ్ అని ఏకంగా ఇన్‌స్ట్రక్షనే ఇచ్చింది.

చిప్‌లో ఉంటే చాలదు, అది లినక్స్‌కి గుండెలాంటి కెర్నెల్ పూల్‌లోకి చేరాలి. మొదట్లో ఈ మోత పని ఆర్‌ఎన్‌జీడీ అనే మామూలు ప్రోగ్రామ్‌ది. అది లేచేసరికే కీ తయారైపోయి ఉంటే ఏం లాభం? 2014లో 3.17 కెర్నెల్ నుంచి కెర్నెల్ థ్రెడ్డే చిప్‌ని చదివి పూల్‌లో కలపడం మొదలుపెట్టింది. అయితే క్వాలిటీ అని డ్రైవర్ రాసినవాళ్లు ఇచ్చే సంఖ్య ఒకటుంది, ప్రతి 1024 బిట్లలో ఎన్ని నమ్మొచ్చో చెప్పేది. చాలా డ్రైవర్లలో దాన్ని ఖాళీగా వదిలేసేవారు. అప్పుడు చిప్ ఉండీ లేనట్టే.

ఇంకో చిక్కు లెక్కలో ఉండేది. ధవళేశ్వరంలో నీటిమట్టం చూసి కాలువలకి వదులుతారు, తగ్గితే వంతులు పెడతారు. పాత లినక్స్ రాండమ్‌ని అచ్చం అలాగే చూసేది, ఇన్ని బిట్లు వాడేశారు, ఇక ఆగండి అని. నీళ్లకి అది న్యాయమే. ఇక్కడ మాత్రం 256 బిట్ల అసలైన అనిశ్చితి ఒక్కసారి చేరిందంటే ఎంత తోడినా మట్టం తగ్గదు. 2020లో 5.6 కెర్నెల్‌తో ఆ వంతులు ఎత్తేశారు, మొదటిసారి నిండేదాకానే ఆగుతుంది. నన్నడిగితే ఎప్పుడో చేయాల్సిన పని.

మరి చిప్‌నే పూర్తిగా నమ్మొచ్చా? 2013లో అమెరికా నిఘా సంస్థ రహస్యాలున్న స్నోడెన్ పత్రాలు బయటపడ్డాక, చిప్‌లో దొంగదారి ఉండొచ్చన్న అనుమానంతో ఆర్‌డీర్యాండ్‌ని తీసేయమని గోల లేచింది. లినక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు, అది మేం కలిపే వాటిలో ఒకటి మాత్రమే అన్నాడు. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు కూడా చిప్ ఇచ్చిందాన్ని నేరుగా వాడకుండా తమ మిశ్రమంలో కలిపే వాడాలని తేల్చుకున్నారు. కుట్రల సంగతి ఎలా ఉన్నా, చిప్‌లు మామూలుగానే చెడిపోతాయి. కొన్ని ఏఎండీ ప్రాసెసర్లు స్లీప్ నుంచి లేచాక ఆర్‌డీర్యాండ్ అడిగితే ప్రతిసారీ అన్నీ ఒకట్లే ఇచ్చేవి, పైగా సక్సెస్ అని చెప్పేవి. కలిపి వాడితే ఆ ఒకట్ల వల్ల నష్టం లేదు, దాన్నొక్కదాన్నే నమ్ముకున్న ప్రోగ్రామే మునుగుతుంది.

2019లో జరిగింది నాకు భలే ఇష్టం. లినక్స్ డిస్క్ మీద ఫైళ్లు సర్దే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో డిస్క్ దగ్గరికి వెళ్లే సార్లు తగ్గించి బూట్ వేగం పెంచారు. డిస్క్ అలికిడి తగ్గింది, పూల్ నిండలేదు, రాండమ్ కోసం ఎదురుచూస్తూ కొన్ని కంప్యూటర్లు బూటే అవ్వలేదు. బాగుచేసిన కోడే కొంప ముంచిందన్నమాట. ముందు ఆ మార్పు వెనక్కి తీసుకున్నారు. తర్వాత 5.4లో ప్రాసెసర్ టైమింగ్‌లోని తేడాల నుంచే కొంత అనిశ్చితి పుట్టించే కోడ్‌ని టోర్వాల్డ్స్ చేర్చాడు.

మీ బోర్డులో చూసుకోవాల్సింది కొంచెమే. కెర్నెల్ లాగ్ చూపించే డీమెసేజ్‌లో, పూల్ నిండిందని చెప్పే సీఆర్‌ఎన్‌జీ ఇనిట్ డన్ అన్న లైను ఎన్నో సెకన్‌కి వచ్చిందో, ఎస్‌ఎస్‌హెచ్ కీ దానికి ముందు పుట్టిందో తర్వాత పుట్టిందో చూడండి. కెర్నెల్ సమాచారం ఫైళ్లుగా చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆర్‌ఎన్‌జీ కరెంట్ అన్న ఫైల్ తెరిస్తే కెర్నెల్ ఏ చిప్‌ని వాడుతోందో పేరుతో సహా కనిపిస్తుంది. ఇంకొకటి, ఒక బోర్డుని బూట్ చేసి, అన్నీ సెట్ చేసి, ఆ కార్డునే యాభై పెట్టెలకి కాపీ కొట్టేస్తుంటారు. కీలూ, తర్వాతి బూట్‌లో రాండమ్‌కి వాడుకోవడానికి దాచిన సీడ్ ఫైలూ కార్డుతోపాటే కాపీ అవుతాయి. కాబట్టి ఇమేజ్ తీసే ముందు ఆ రెండూ తుడిచేయండి. బోర్డు తెచ్చుకున్నవాళ్లు ముందుకి రండి, లాగ్ తెరిచి చూద్దాం.